గిటారుకు పడవ చీలలు

3 సెప్టెంబరు 1961, ఆదివారం
ఈ రోజు చర్చిలో హార్మోనియం ఒక్కటే. ఎవరు పాడారు, ఎట్లా పాడారు అని ఎలిశబెతు మంచం మీద నుంచే అడిగింది. బాగానే పాడారన్నాను. అబద్ధం. గొర్రెల మంద అరిచినట్టు పాడారు.

మిషన్ దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఎలిశబెతుకిచ్చిన గిటారు మంచం పక్కనే గోడకు ఆనించి ఉంది. బ్రిడ్జి పిన్నులు రెండు విరిగిపోయాయి. మిగిలినవి పట్టు వదిలేశాయి. తీగ కొనను బొక్కలో దింపి పైన బిగించే బిరడాల్లాంటివి అవి. తల చిటికెన వేలి గోరంత. అవి లేకపోతే అంత గిటారూ ఒట్టి డొల్ల.

క్రిస్మస్‌కు తానుండదేమోనట. మా స్కూలు చిన్న టీచరమ్మ సామ్రాజ్యం తన దగ్గరే వాయించడం నేర్చుకుంది కాబట్టి గిటారు ఆ పిల్లకివ్వాలట. ఆలోపు కొత్త పిన్నులు తెప్పించమన్నది. సరేనన్నాను గానీ నాకు నచ్చలేదు. నా భార్య వాయించిన గిటారును ఇంకొకరి ఒళ్లో చూడలేను.

నెల్లూరు డాక్టరు చెప్పింది నాకు తెలుసు. తనకూ తెలుసు. ఇద్దరం పిన్నుల గురించే మాట్లాడుకుంటున్నాం.

19 సెప్టెంబరు
మద్రాసు షాపు నుంచి పార్సెల్ వచ్చింది. తెల్లటి సెల్యులాయిడ్ పిన్నులు ఒక సెట్టు, నల్ల చెక్కవి ఒక సెట్టు. ఎలిశబెతు దుప్పటి మీద పరుచుకుని, గాజులు బేరమాడినట్టు చాలాసేపు చూసి తెల్లవి ఏరుకుంది. చివరి బెంచీ వాళ్లకు కూడా కనిపిస్తాయట.

బొక్కలు అరిగి పెద్దవైపోయాయి. తీగ బిగించగానే ఒక పిన్ను ఎగిరి గంజి గిన్నెలో పడింది. నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. వెంటనే దగ్గు తెర. నల్లవీ నిలవలేదు.

8 అక్టోబరు, ఆదివారం
కాలవ మీద ఉప్పు పడవలు బాగుచేసే మునెయ్యకు విరిగిన పిన్ను మొన్న చూపించాను. ఓస్, చీలలే గదా అయ్యోరా, ఈ మాత్రానికి మద్రాసెందుకూ అన్నాడు. నల్లతుమ్మ చేవతో చెక్కి ఇవాళ తెచ్చాడు. ఆరుకు ఏడు. పడవకైనా ఒక చీల ఎక్కువే చెక్కుతాం, అది మా ఆనవాయితీ అన్నాడు.

తనే బిగిస్తానన్నాడు. పనివాడి చేతికి అడ్డుపడటం ఎందుకని ఊరుకున్నాను. కొయ్యసుత్తితో ఒక్కోటీ దిగ్గొట్టి, తడిగుడ్డ అద్ది, పైన చేపనూనె రాశాడు. ఎలిశబెతు పడుకునే ఆరు తీగలూ శ్రుతి చేసింది. ఇల్లంతా మోగింది. ఇల్లంతా చేపనూనె కంపు కూడా. బైబిల్లో పేతురు వల ఇంట్లో ఆరేసినా ఇంత వాసన రాదేమో అన్నది.

14 అక్టోబరు
మొదటి తీగ తెగింది. సముద్రపు గాలికి తుప్పు. కొత్త తీగ వేద్దామంటే చీల ఊడిరాదు. పట్టకారుతో లాగితే బ్రిడ్జి చెక్కే పైకి లేస్తోంది. మునెయ్యను పిలిపించాను. అతను నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఊడిరావాలని మీరు చెప్పలా గదా అయ్యోరా, చీలంటే ఊడకూడదు, ఊడితే పడవ మునగదా అన్నాడు. తడికి ఉబ్బుండాది, ఇప్పుడు లాగితే చెక్క చీలిపోద్ది, ఎండాకాలం దాకా ఆగండి, ఆరితే అదే వదులుద్ది అన్నాడు. అసలే వానల ముందు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

నిజం రాయాలి. లోపల నాకు సంతోషంగా ఉంది. ఇక అది ఎవరి చేతికీ పోదు. మిగిలిన అయిదు తీగలూ తను శ్రుతి చేసినట్టే ఉంటాయి.

నా మొహంలో కనిపెట్టేసింది. ఊడని పిన్నులు మీకు బాగానే ఉన్నట్టుండాయే, నా తర్వాత తీగలు మార్చేవాళ్లుండబళ్లా అన్నది. నా తర్వాత అనే మాట ఈ ఇంట్లో అనొద్దని అరిచాను. లేవలేని మనిషి మీద అరిచాను.

29 అక్టోబరు, ఆదివారం
వాన. చర్చికి పోలేదు. వేసవిలో చీల వదులైతే గిటారు సామ్రాజ్యానికి ఇస్తానని మాటివ్వమన్నది. ఊఁ అన్నాను. ఊఁ కాదు, నోటితో చెప్పండి అన్నది. చెప్పాను.

6 నవంబరు
ఎలిశబెతు పోయింది.

9 నవంబరు
పెట్టె మునెయ్యే చేశాడు. సమాధికి చిన్న కొయ్య సిలువ కూడా. అడ్డచెక్కకు సన్నని చీల కొట్టాడు. వానలోనే మట్టి వేశాం.

20 డిసెంబరు
సామ్రాజ్యం వచ్చింది. అయిదు తీగలతోనైనా క్రిస్మస్‌కు వాయిస్తాను సార్ అన్నది. చీల ఇంకా వదల్లేదన్నాను. అమ్మగారు నాకు చెప్పినారు సార్ అని నసిగింది. ఆమె వేసవికి ఇమ్మన్నది, వేసవి రానీ అన్నాను. మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపేశాను.

ఆ పిల్ల వెళ్లాక తీగల మీద వేలు వేశాను. అయిదూ శ్రుతి దిగిపోయాయి. ఒకదానికొకటి పొసగడం లేదు. ఎవరూ ముట్టకుండా కాపలా కాశాను కదా. తను చేసిన శ్రుతి ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు.

27 మే 1962, ఆదివారం
రోహిణి ఎండకు రోళ్లు పగులుతున్నాయి. ఆరాధన అయ్యాక సమాధి దగ్గరకు వెళ్లాను. సిలువ అడ్డచెక్క గాడిలో వదులై గాలికి ఊగుతోంది. చీల ఎండి ఎక్కడో రాలిపోయింది.

ఇంటికొచ్చి గిటారు ఒళ్లో పెట్టుకున్నాను. చీల రాకూడదనే అనుకున్నాను. రెండు వేళ్లతో పట్టుకుంటే వచ్చేసింది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ వచ్చాయి. ఇంకా చేపనూనె వాసన. పేతురు వల గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు.

కొత్త తీగలు వేశాను. అదిమితే పట్టుకుంటున్నాయి, లాగితే వస్తున్నాయి. తను అడిగింది ఇట్లాంటి పిన్నులే.

28 మే
నేనే మోసుకుపోయి సామ్రాజ్యానికి ఇచ్చాను. లోపలికి రమ్మన్నది. పని ఉందని చెప్పి వచ్చేశాను. గిటారు వీధి మలుపు దాకా వినిపించింది. అక్కడే నిలబడ్డాను.

2 జూన్
మిగిలిన ఏడో చీలను సిలువకు దిగ్గొట్టాను. దాని మీద చెంబెడు నీళ్లు పోశాను.