కళ్ళు విచ్చని కాయలు

ఉదయగిరి,
సెప్టెంబరు 14

ప్రియమైన రమణికి,

నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం తీశాను. మా మరిది ఇషాక్ ఆత్మకూరు బస్సు నడుపుతాడు కదా, ఈ సంచి అతనే తెచ్చిస్తాడు. కొండ మీద నేను కోసిన సీతాఫలాలు అందులో ఉన్నాయి.

మీ ఆయన చంద్రమోహన్ అన్న పోయి ఆరు నెలలైంది. నువ్వు సరిగా తినడం లేదని, డాక్టరు నడవమంటే గడప దాటడం లేదని మీ అమ్మాయి అశ్విత చెప్పి ఏడ్చింది. నాకూ ఓపిక లేదే. రోజంతా కొయ్య గరిటెలు చెక్కి మెడ పట్టేస్తోంది. అయినా పొద్దున్నే కొండెక్కుతున్నాను. ఉత్త నడక నా వల్ల కాదు. కాయ కోసమైతే ఆకుల్లోకి చూస్తూ పోతాను, ఆ కాసేపు ఇంకేదీ గుర్తుకు రాదు.

మన చిన్నప్పటి ఒప్పందమే మళ్ళీ పెట్టుకుందాం. ఎవరు కోసింది వాళ్ళు తినకూడదు, రెండోవాళ్ళకి ఇవ్వాలి. మీ సోమశిల రోడ్డు గుట్ట మీద బోలెడు చెట్లున్నాయి. వారానికో సంచి పంపు. పైన కళ్ళు విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లబడిన కాయలే కొయ్యి. మిగతావి చెట్టుకే ఉండనీ.

నీ కోసం కొండెక్కుతున్న
నుస్రత్


ఆత్మకూరు,
సెప్టెంబరు 22

ప్రియమైన నుస్రత్‌కి,

నీ కాయలు అశ్విత తినింది. నా నోటికి మట్టి నమిలినట్టే ఉంది, ఏం చేసేది. నీ పోరు పడలేక గుట్టకు పోతున్నాను. రోజూ పోతున్నాను. ఇదిగో ఈ వారం సంచి. కాళ్ళు లాగుతున్నాయి, ఇంక రాయలేను.

నీ
రమణి


ఉదయగిరి,
అక్టోబరు 7

ప్రియమైన రమణికి,

నీ సంచులు రెండూ అందాయి. గడ్డిలో మాగవేశాను. ఒక్కటీ పండలేదు. నల్లబడి రాళ్ళైపోయాయి.

మా ఆయన చూసి, "ఇవి బండి మీద కొన్న కాయలు మే. రోజూ గుట్టకు పొయ్యే మనిషి ఇట్టాంటివి కోస్తాదా?" అన్నాడు. ఆయనతో పోట్లాడాను కానీ నాకూ అదే అనుమానం. కోపం కాదే, భయంగా ఉంది. అన్న వెనకే నువ్వూ పోతావేమోనని భయం. నాతో అబద్ధమాడకు.

నీ
నుస్రత్


ఆత్మకూరు,
అక్టోబరు 20

ప్రియమైన నుస్రత్‌కి,

కొనలేదే. కానీ గుట్టకు పోయింది ఒక్కరోజే. మళ్ళీ మళ్ళీ ఎక్కే ఓపిక లేక చేతికందినవన్నీ పచ్చివే కోసేసి, మంచం కింద దాచి, వారానికి కొన్ని పంపాను. నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే పోయాను. నేను ఊడ్చేసిన చెట్లలో ఒక్క కాయ మిగిలింది, పై కొమ్మకు. కళ్ళు విచ్చలేదు, కొయ్యలేదు. మళ్ళీ పోయాను, విచ్చలేదు. కింద బండ మీద కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. గొర్రెలు మేపే పిచ్చమ్మ, "ఏందమ్మా, ఒక్క కాయకు ఇంత కాపలానా?" అని రోజూ నవ్వేది. అట్లా తొమ్మిది రోజులు. పదో రోజు కొమ్మ వంచి చూస్తే కళ్ళు విచ్చి మెత్తబడింది. ఒక పక్క అప్పటికే ఉడత కొరికింది.

నీకు పంపాల్సిన కాయ అది. పంపలేదు. ఆ బండ మీదే కూర్చుని తినేశాను. తియ్యగా ఉందే నుస్రత్! ఇన్ని నెలలకు నోటికి తీపి తెలిసింది. ఆయన లేకుండా తింటున్నానని భోరున ఏడ్చాను. ఏడుస్తూనే మొత్తం తిన్నాను.

ఈ సంచిలో ఆ కాయ గింజలే ఉన్నాయి. మీ ఆయనకి చూపించు.

ఒప్పందం తప్పిన
నీ రమణి