కొళాయి ఉన్న ఇంటిని వద్దన్న కారణాలు

కళ్యాణదుర్గం,
శుక్రవారం, ఉదయం.

సౌభాగ్యవతి ఈశ్వరికి నాగేశ్వర ఆశీస్సులతో వ్రాయునది.

ఇక్కడ అందరూ క్షేమమని వ్రాయడం ఆనవాయితీ. ఇక్కడ ఉన్నది నేనొక్కడినే కాబట్టి ఆ మాట నిబంధనలకు ఒప్పదు, నేను క్షేమం. మడకశిరలో నీవు, మీ నాయన, మీ అన్నా వదినలు, విశేషించి నీ కుడి మణికట్టు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అంది నేటికి ఇరవై రెండు రోజులు. జాప్యానికి కారణం కింద తగినచోట వస్తుంది. చేయి ఇంకా సాగనందున మీ అన్న కూతురు జయంతి చేత వ్రాయించినా, మాటలు నీవేనని మొదటి వాక్యంలోనే పోల్చుకున్నాను. "ఫోన్లో అడిగితే మీరు మాట మార్చేస్తారు. కాగితం మీద అయితే తప్పించుకునేకి సందు ఉండదు, రాసి పంపండి" అన్నావు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కాగితాలు వ్రాస్తున్న సీనియర్ అసిస్టెంటుగా మనవి చేస్తున్నాను: తప్పించుకోవడానికి కాగితాన్ని మించిన చోటు లేదు. అయినప్పటికీ నీ ఆదేశాన్ని శిరసావహిస్తున్నాను.

తిరిగి రావడానికి నీవు రెండు షరతులు పెట్టావు. వాకిట్లోనే కొళాయి ఉన్న ఇల్లు చూడాలన్నది మొదటిది. నాలుగేళ్ళ కిందట ఇమ్మానుయేల్ సార్ తన కొళాయి ఇంటిని పిలిచి ఇస్తానంటే నేను ఎందుకు వద్దన్నానో నిజం చెప్పాలన్నది రెండవది. "నిజం తెలిసినాకే బస్సెక్కుతా" అని నీవు చెప్పగా జయంతి ఆ వాక్యం కింద గీత కూడా గీసింది. మొదటి షరతు నెరవేరింది. రెండవది పరిశీలనలో ఉంది; ఈ లేఖ ముగిసేలోగా తేలుస్తాను.

ముందుగా చిన్న విషయాలు. బియ్యంలో పురుగు పట్టిందా అని అడిగావు. పట్టింది. ఎండలో పోయమని ఆఫీసులో సలహా ఇచ్చారు. పోశాను. పిచ్చుకలు వచ్చి పురుగులతో పాటు బియ్యాన్నీ స్వీకరించి వెళ్ళాయి. మిగిలిన దానిలో పక్కింటి లక్ష్మక్క వేపాకు వేసిపోయింది. ఇక కుక్కర్ కూత వేయకపోవడంపై ముగ్గురిని సంప్రదించాను. లోపలి రబ్బరు మార్చమని ఒకరు, ఉన్న రబ్బరునే చల్లనీళ్ళలో నానబెట్టమని ఒకరు, కొత్త కుక్కరే కొనమని మరొకరు అభిప్రాయపడ్డారు. రెండు సలహాలు అమలు చేసిన మీదట లక్ష్మక్క వచ్చి చూసి, "అన్నా, మూత మీద గుండు పెట్టలేదు కదన్నా" అన్నది. గుండు పెట్టగా కూత వచ్చింది.

ఇప్పుడు ఇంటి విషయం. నీ ఉత్తరం అందిన సాయంత్రమే ఇమ్మానుయేల్ సార్ దగ్గరికి వెళ్ళాను. అదే ఇల్లు మళ్ళీ ఖాళీ అయిందని విని ఉన్నాను. ఆయన బడి నుంచి రిటైరైనా ఎదుటివాణ్ణి నిలబెట్టి ప్రశ్నలడిగే అలవాటు రిటైరు కాలేదు. లోపలికి పోయి, నాలుగేళ్ళ కిందట నేను వ్రాసిచ్చిన మూడు పేజీల కాగితం తెచ్చుకుని, కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"'ఇల్లు దక్షిణ ముఖం' అని రాసినావు. ఇప్పుడు యాపక్కకు తిరిగినాది?"

"దక్షిణానికే ఉంది సార్."

"'పెరట్లో చింతచెట్టు నీడ ఒంటికి పడదు' అంటివి."

"ఈ ఎండలకు నీడ ఉండాల సార్."

"'కొళాయి వాకిట్లోనే ఉన్నందున తేమ పెరిగి గోడలు చెడే ప్రమాదం గలదు.'" ఆయన కళ్ళద్దాలు తీశారు. "నాగేశ్వరా, డెబ్బై ఏండ్లుగా ఈ సీమలో ఉండా. తేమకు భయపడిన మనిషిని నిన్నొకణ్ణే చూసినా."

నేను ఆ కాగితం అందుకుని, మడతలు సరిచేసి ఆయనకే తిరిగి ఇచ్చాను. ఫైలులో సమాధానం లేనప్పుడు మేము చేసేది అదే.

"ఇంకొకాయన అడుగుతాండాడు. బుధవారం లోపల చెప్పు" అన్నారు. నేను బుధవారం దాకా ఆగలేదు. అప్పుడే ఒప్పుకున్నాను. నీవు గమనించవలసిన విషయం: ఈసారి ఒక్క పేజీ కూడా వ్రాయలేదు.

పోయిన గురువారం ఇల్లు మారాను. మారడంపై సలహాలు వీధి వీధంతా ఇచ్చింది గాని, అధికారం లక్ష్మక్క ఒక్కతే తీసుకుంది. "మంగళవారం మారేది లేదు. పాత పొరక తీసుకపోయేది లేదు. మొదట నిండుబిందె, ఉప్పు, పసుపు లోపలికి పోవాల" అన్నది. అన్నీ అట్లే జరిగాయి; పాత చీపురును మూలనే వదిలి వచ్చాను. సామాను ఎక్కించిన తర్వాత నీళ్ళ డ్రమ్ము మిగిలింది. రెండు వందల లీటర్లు, అంచుదాకా నిండుగా ఉంది. ఆటో అతను పారబోయమన్నాడు.

"నీళ్ళు పారబోసి పోతావా?" అన్నది లక్ష్మక్క, చంటిబిడ్డను పారేస్తావా అన్నంత నిదానంగా. "మన వీధిలో అట్ల చేసినోళ్ళు ఇంతవరకు లేరప్పా."

ఆ విధంగా, కొళాయి లేని ఇంటి నుంచి కొళాయి ఉన్న ఇంటికి రెండు వందల లీటర్ల నీళ్ళను ఆటోలో తరలించాము. నలుగురు ఎత్తారు, ఇద్దరు పట్టుకున్నారు, సగం నీళ్ళు పరుపు మీద పడ్డాయి. దారిలో చూసినవాళ్ళెవరూ నవ్వలేదు. పైగా గుంతల దగ్గర ముక్కూమొగం తెలియనివాళ్ళు వచ్చి డ్రమ్ముకు చేయి ఆనించి పోయారు. పరుపు ఇంకా ఎండుతూనే ఉంది. కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది, గంటకు పైగా వస్తుంది, ధార నీ చూపుడువేలంత లావు.

ఇక రెండవ షరతు. ఇక్కడి నుంచి చదవవలసినది నీవు మాత్రమే. జయంతి ఈ కాగితాన్ని అత్త చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళగలదు.

ఈశ్వరీ, నాకు సైకిల్ తొక్కడం రాదు.

మరచిపోయానని కాదు. ఎన్నడూ రాలేదు. నల్లమాడ దగ్గర మా పల్లెలో చదువుకూ పనికీ కాలినడకనే తిరిగాను. మన పెండ్లినాడు మీ నాయన ముచ్చటపడి సైకిల్ కొనిచ్చి, పందిట్లో నూరుమంది వింటుండగా "అల్లుడా, తొక్కేకి వస్తాది కదా?" అని అడిగినాడు. "రాకేమి మామా" అన్నాను. ఆ ఒక్క మాటకు ఇరవై ఆరేళ్ళు కాపలా కాశాను.

ఈ ఊరే నన్ను దాచింది. ఇక్కడ సైకిలంటే ముందు నీళ్ళు మోసేది, తర్వాతే మనిషి ఎక్కేది. హ్యాండిలుకు రెండు బిందెలు, వెనుక తాడుతో రెండు బిందెలు కట్టి నెట్టుకుపోయేవాణ్ణి ఎందుకు ఎక్కలేదని అడిగినవారు లేరు. పైగా పేరు వచ్చింది. "పెండ్లాం నెత్తిన కడవ పెట్టనీయడప్పా ఆ సారు" అని వీధిలో చెప్పుకున్నారు. నేను ఖండించలేదు. ఆఫీసు వేళల్లో నీళ్ళు వదిలిన రోజుల్లో ఆ కడవ నీ నెత్తినే ఉందని నాకు తెలుసు.

కొళాయి ఉన్న ఇంట్లో చేరితే బిందెలుండవు. ఖాళీ సైకిల్‌ను నెట్టుకుపోయే మనిషిని ఊరు రెండు రోజులు చూస్తుంది, మూడవ రోజు అడుగుతుంది. దక్షిణం, చింతచెట్టు, తేమ అన్నీ దానికోసం పుట్టాయి. ఆనాడు ఆ ఇంటికి పోయి ఉంటే, ఈ వేసవిలో వీధి కొళాయి దగ్గర పాచిబండ మీద నీవు జారేదానివి కాదు. నీ చేతికి కట్టు వేస్తుండగా నేను పక్కనే నిలబడి, ఆ బండను బాగుచేయమని అర్జీ ఎట్లా వ్రాయాలా అని ఆలోచించాను. తప్పు బండది కాదని అప్పుడే తెలుసు.

నీ ఉత్తరం అందిన మరునాడు ఓబుళేసు సైకిల్ షాపుకు వెళ్ళాను. సంప్రదింపు ఈ విధంగా జరిగింది.

"ఓబుళేసూ, నా మిత్రుడొకాయన ఉన్నాడు. యాభై రెండేళ్ళు. సైకిల్ తొక్కడం రాదు. ఈ వయసులో వస్తుందేమో కనుక్కోమన్నాడు."

వాడు ట్యూబుకు అంటించిన ముక్కను వేలితో అదుముతూ తల ఎత్తలేదు. "మీ మిత్రునికి కాళ్ళు గట్టిగా ఉండాయా సార్?"

"ఉన్నాయి."

"ఉంటాయిలే. నెట్టి నెట్టి." తర్వాత నా సైకిల్ పెడల్‌ను చేత్తో తిప్పి చూపించాడు. "ఈ బండికి టైర్లు ఆరుమార్లు మార్చినా. పెడల్ రబ్బర్లు చూడండి సార్, పెండ్లినాటివే. గీత గూడ అరగలేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవురన్నా అడిగితే కదా చెప్పేకి. రేపు తెల్లారి మీ మిత్రుణ్ణి మార్కెట్ యార్డుకు రమ్మనండి. ప్యాంటు పాతది వేసుకోమనండి."

ఈ ఏడు వేరుశనగ రానందున యార్డు గచ్చంతా ఖాళీగా ఉంది. ఓబుళేసు పెడళ్ళు రెండూ ఊడదీసి, సీటు కిందికి దించి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పొమ్మన్నాడు. వారం తర్వాత పెడళ్ళు బిగించాడు. వాడు గోడ నీడన కూర్చుని బీడీ కాలుస్తూ సలహాలిచ్చేవాడు. "చక్రం చూడొద్దండి సార్, అది యాడికీ పోదు. ముందర చూడండి." గొర్రెలు తోలుకుపోయేవాడొకడు ఆగి, "ఏమప్పా సార్, బండి కొత్తగా కొన్నావా?" అన్నాడు. "ఇరవై ఆరేండ్లయింది" అన్నాను. పదకొండుసార్లు పడ్డాను; రెండుసార్లు గొర్రెల మధ్యన. జాప్యానికి కారణం ఇదే. నేర్చుకోక ముందు ఈ మాట వ్రాస్తే మరొక వాగ్దానంలా ఉంటుందని ఆగాను.

సోమవారం నుంచి ఆఫీసుకు సైకిల్ మీద పోతున్నాను. అది చెప్పినంత సులభం కాదు గాని, పోతున్నాను. వీధిలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పలేను, చెబితే పడతాను. అందుచేత నాకు ఈమధ్య గర్వం పెరిగిందని అనుకుంటున్నారు.

షరతులు రెండూ తీరాయి. నిజం తెలిశాక బస్సెక్కుతానన్నావు. తెలిశాక ఎక్కకూడదని నీకు అనిపిస్తే, అది కూడా న్యాయమే. ఆ పక్షంలో నేనే మడకశిరకు వచ్చి, మీ నాయన ముందర ఆ పందిట్లో చెప్పిన మాటను వెనక్కి తీసుకుంటాను. ఎక్కితే మాత్రం ఏ బస్సో జయంతి చేత ఒక్క ముక్క వ్రాయించు; వచ్చే వారం ఆదివారం కొళాయి వచ్చే రోజు, ఆ రోజుకు చూసుకో.

బస్టాండుకు సైకిల్ మీదే వస్తాను. ఒక్క సంగతి దాచకూడదు: నాకు ఇప్పటికి ఎడమ మలుపు మాత్రమే స్వాధీనమైంది. కుడివైపు తిప్పితే పడుతున్నాను. బస్టాండు నుంచి ఇంటికి ఎడమ మలుపులే ఉన్న దారి ఒకటి కనిపెట్టాను, ఊరు చుట్టి వస్తుంది. కనుక నీవు సంచులతో ఆటో ఎక్కి ముందు పో. తాళంచెవి నీ చేతికే ఇస్తాను. నీవు తలుపు తీసి, వాకిట్లో కొళాయి తిప్పి, ఎడమచేత్తో బిందె పట్టుకునే లోపల నేను మలుపు తిరిగి కనిపిస్తాను. ఆ బిందె నిండేదాకా కదపవద్దు. ఎత్తేది నేను.

ఇట్లు,
పైన వ్రాసినదంతా నిజమని చేవ్రాలు చేయుచున్న
నీ పెనిమిటి,
నాగేశ్వర.