అయిదోసారి

దుబాయి, ఆదివారం

నా చిట్టి చెల్లి మౌజాకు,

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. నీ చెవులు బాగుంటే ఫోనులో చెప్పేదాన్ని. ఇది అరిచి చెప్పే సంగతి కాదు, ఇల్లంతా వింటుంది. అందుకే ముసలితనంలో సాయంకాలపు బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలతో కుస్తీ పడుతున్నాను. చదివాక చించెయ్యి. నీ కోడలి కంట పడనివ్వకు.

నిన్న మన మైతాకు కాబోయే పెళ్లికొడుకు హుమైద్ మమ్మల్ని పాతపేట చూడ్డానికి తీసుకెళ్లాడు. మనం పుట్టి పెరిగిన పేటను మనకే చూపించడమేమిటే! బయల్దేరుతుంటే కాఫీ కూజా చేతిలోంచి జారిపడింది. "ఈ రోజు వద్దే" అన్నాను. "నీకే రోజు మంచిదమ్మా? నా పెళ్లిరోజు కూడా వద్దంటావు" అని నవ్వింది మైతా. ముప్పైనాలుగేళ్లు వచ్చాక దానికి ఒకడు నచ్చాడు. ఆ నవ్వు చూసి నోరు మూసుకున్నాను. నిఖా అయ్యేదాకా అల్లుడైనా పరాయివాడే కదా, ముఖానికి ముసుగు తొడుక్కుని పడవెక్కాను.

పాయ దాటాక సందులన్నీ కడిగిన పళ్లెంలా ఉన్నాయి. మేకలు లేవు, చేపల వాసన లేదు, పిల్లల్ని తిట్టే ఆడదాని గొంతు ఒక్కటీ లేదు. మనుషులు పోయాక గోడలకు సున్నం కొట్టారు. ఆ కప్పుల మీదుగా అద్దాల మేడలు మమ్మల్నే తొంగి చూస్తున్నట్టనిపించింది.

మనింట్లో ఇప్పుడు ఒక అమ్మాయి నిలబడి వచ్చినవాళ్లకు కథ చెబుతోంది. "ఈ గదిలో పెద్దమనుషులు కూర్చుని ముత్యాల బేరాలు చేసేవారు" అంది. నేనూరుకుంటానా? "ఏ పెద్దమనుషులు తల్లీ? ఇక్కడ మేం ఎండుచేపలు దాచేవాళ్లం. ముక్కుంటే ఇప్పటికీ తెలుస్తుంది" అన్నాను. అందరికన్నా గట్టిగా నవ్వింది హుమైదే. మంచివాడే మౌజా. అదే నా ఏడుపు.

తర్వాత, పైగాలిని గదిలోకి దించే మన గాలిబురుజు కిందికి వచ్చాం. వాడు పైకి చూస్తూ నిలబడిపోయాడు. "అత్తా, నేను నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు మా వాళ్లు దీవి నుంచి వచ్చి, ఇలాంటి ఇంట్లోనే ఒక ఎండాకాలం మేడగది అద్దెకు తీసుకున్నారట. అమ్మ జ్వరంతో మంచం పట్టిందట. వీధి తలుపు మీద చేప చెక్కి ఉండేదని నాన్న చెబుతుంటాడు" అన్నాడు.

చేప ఉన్నది మన పాత తలుపు మీదేనే, ఇప్పుడు దాన్ని మార్చేశారు. అక్కడే నేల మీద చతికిలబడ్డాను. "ఎండ దెబ్బా అమ్మా?" అంది మైతా. అవునన్నాను.

గుర్తుందా, ఆ దీవి మనిషి భార్య లేవలేకపోయింది. పైన పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నా ఒళ్లో మైతా నలభై రోజుల పిల్ల. పాలు ధారలు కడుతున్నాయి. బురుజు కింద తడిగుడ్డ వేలాడదీసుకుని కూర్చుని వాడికీ ఇచ్చాను. ఎవరి బిడ్డకైనా పాలిస్తే పదిమందికీ చెప్పి ఇవ్వాలని అమ్మ ఎన్నిసార్లు చెప్పింది! మా ఆయన తిడతాడని దాచాను. వాడి పేరడగలేదు, తండ్రి పేరడగలేదు. వారానికల్లా వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ తల్లి తర్వాత పోయిందని నిన్ననే తెలిసింది.

మన మతం లెక్కలో కడుపునిండా అయిదుసార్లు తాగితే వాడు నా కొడుకు, మైతాకు తోబుట్టువు, నిఖా కుదరదు. నాలుగయితే అల్లుడు. నాలుగుసార్లు నాకు బాగా గుర్తు. అయిదోసారి నాకూ ఒళ్లు కాలిపోతోంది, తెలివి లేదు. వాణ్ని తెచ్చి నా పక్కన పడుకోబెట్టింది నువ్వు. తాగాడా, నిద్రపోయాడా? పదిహేను రోజుల్లో నిఖా. నువ్వు తప్ప సాక్షి లేదు. నిజం రాయి.

ముద్ద దిగని నీ అక్క,
సలామా


దుబాయి, శుక్రవారం

నా చెల్లి మౌజాకు,

నీ ఉత్తరం సోమవారం అందింది. "తాగలేదు. నిద్రపోయాడు, దేవుడి మీద ఒట్టు." అంతే రాశావు. చదివి ఏడ్చాను. ఎనిమిది రోజుల తర్వాత పళ్లెం నిండా అన్నం, చేప తిన్నాను. చేయి కడుక్కుంటుంటే గుండెలో ముల్లు దిగింది. ఒట్టెందుకు వేశావే?

అమ్మ నీళ్లకుండ పగలగొట్టి ఒట్టేశావు. నా వెండి కడియం పాయలో పారేసి ఒట్టేశావు. నిజం చెప్పేటప్పుడు నువ్వు ఒట్టేయగా నేను చూడలేదు. నీ మీద కోపం లేదు. మైతా పెళ్లి చూడాలని నీకు మాత్రం ఉండదా?

మర్నాడే మైతాకు పాల సంగతంతా చెప్పేశాను. పెళ్లిబట్టలు మడతపెడుతున్నదల్లా ఆగింది. "పాతపేట నుంచి వచ్చిన రోజే చెప్పాల్సింది కదమ్మా. ఆ తర్వాత రోజూ అతనితో నవ్వుతూ మాట్లాడాను" అంది. లోపలి గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. మూడు రోజులైంది. పళ్లెం గుమ్మం దగ్గర పెడుతున్నాను, అలాగే తిరిగొస్తోంది.

ఇవాళ మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక హుమైద్ వచ్చాడు. "అత్తా, మైతా ఫోనెత్తడం లేదు. నేనేం తప్పు చేశాను?" అని తలుపవతలి నుంచి అడుగుతున్నాడు. అలవాటుగా ముసుగు కోసం చేయి చాచాను. చేయి అక్కడే ఆగింది. కొడుకు ముందు ముసుగేమిటి?

ఒట్టి ముఖంతో తలుపు తీశాను.

వాడు చటుక్కున తల దించుకున్నాడు. నేను కదలలేదు, ముఖం కప్పుకోలేదు. మెల్లగా తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు మౌజా. ఆ ఎండాకాలం, తల్లి జ్వరం, తలుపు మీది చేప, అన్నీ ఒకదాని వెంట ఒకటి వాడి కళ్లలో తిరగడం నాకు కనిపించింది.

"ఎన్నిసార్లమ్మా?" అన్నాడు.

"అయిదు" అన్నాను.

లోపలి గదిలో గడియ తీసిన చప్పుడైంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

నీ అక్క,
సలామా