డబ్బీలోని కళ్లె నాది

జిల్లా క్షయ నివారణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా తమ్ముడికి సోమవారం మొదలుపెట్టబోయే పెద్ద మందులు ఆపుట, నాకు మామూలు మందులు ఇప్పించుట గురించి.

నేను కంకర మిల్లు కూలీని. తమ్ముడు దర్జీ. ఒకే గదిలో రెండు సంసారాలుగా ఉంటున్నాము. కింది సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. తమ్ముడు క్షయకు ఆరు నెలలు ఒక్కపూట తప్పకుండా మాత్రలు మింగాడు. దగ్గు పోయింది, ఏడు కిలోలు పెరిగాడు. చివరి పరీక్షకు కళ్లె కావాలని, మాత్రలిచ్చే ఆరోగ్య కార్యకర్త డబ్బీ తెచ్చింది. వాడు అరగంట దగ్గాడు. "చప్పుడొస్తోంది గాని సరుకు రావట్లేదక్కా" అన్నాడు.

"పదింటికి బండి వెళ్ళిపోద్ది తమ్ముడూ. ఖాళీ డబ్బీ పంపితే నాకు మెమో" అని ఆమె గుమ్మంలో కూలబడింది.

"మా అన్ననడుగు. ఆయన దగ్గర గోడౌనే ఉంది" అన్నాడు. అందరం నవ్వాము. ఆమె నవ్వుతూనే డబ్బీ నా వైపు జరిపింది. నాది రాతి దుమ్ము దగ్గే అనుకుని ఉమ్మి ఇచ్చాను.

2. అందులో క్రిములున్నాయని తేలింది. తమ్ముడికి మామూలు మందులు పనిచేయలేదని, పెద్ద మందులు మొదలుపెట్టాలని రాశారు. రెండో డబ్బీ ఇచ్చారు. వాడికి ఊపిరి తప్ప ఏమీ రాలేదు. "రోగి సహకరించలేదు" అని రాశారు.

3. నిజం చెప్పడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. పర్యవేక్షకుడు తలుపు వేశాడు. "ఆ మాట మళ్ళీ అనకు. ఆ పిల్ల ఉద్యోగం ఊడుద్ది. నీకు అంత అనుమానముంటే నువ్వు వేరే పరీక్ష చేయించుకో" అన్నాడు. ఆయన వెనక గోడ మీద, నయమైనవారు నూటికి తొంభై మూడు అని రంగుతో రాసి ఉంది. చేయించుకుంటానన్నాను. పరీక్ష సామాను అయిపోయింది, మూడు వారాలాగి రమ్మన్నారు.

4. పెద్ద మందులకు కాళ్ళ నరాలు మొద్దుబారవచ్చని తెలుపుతూ తమ్ముడి చేత సంతకం పెట్టించారు. వాడు కాళ్ళతో కుట్టు మిషను తొక్కి బతుకుతున్నాడు.

5. కార్డులో "ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు ఉన్నదా" అనే గడి ఉంది. అందులో "లేదు" అని ఉంది. ఆమె వచ్చినప్పుడల్లా నేను పక్కనే కూర్చుని దగ్గాను. ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండేళ్ళ నా కూతురు మొన్నటిదాకా నా గుండెల మీదే నిద్రపోయేది.

కావున ఆ క్రిములను నా పేర రాయించి, తమ్ముడిని వదిలిపెట్టవలసిందిగా కోరుచున్నాను. కార్యకర్తను శిక్షించవద్దు. ఉమ్మినది నేను. సోమవారం దాటితే చిత్తగించినా ప్రయోజనం లేదు గనుక, ఈలోగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కార్డులోని రోగికి అన్న

జతపరచినవి: తమ్ముడి కార్డు నకలు, డబ్బీ ఒకటి.

తా.క.: "మాత్రలిచ్చే అక్క ముందు మాత్ర నాలుక కింద పెట్టుకుని, ఆమె పోయాక నీకిచ్చేస్తాలే అన్నా" అన్నాడు తమ్ముడు. చెంప మీద ఒకటిచ్చాను. మళ్ళీ ఒకరిది ఒకరికి వద్దు. డబ్బీలోది ఈ ఉదయం పరగడుపున పట్టింది. మూత గట్టిగా బిగించాను, తమరు తీయకండి. ఈసారి పైన నా పేరే రాశాను.