యేసుపాదం గారి కాఫీ

మంగళవారం రాత్రి, ఏలూరు

పీహెచ్‌డీ మానేస్తున్నానని, ఇక రానని యేసుపాదం గారికి చెప్పి రావడానికే ఇవాళ చీకటితోనే కైకలూరులో ఆయన చేపల చెరువుకి వెళ్లాను. మూడో ఏడు నడుస్తోంది. గైడ్ గారు రెండో చాప్టర్ మళ్లీ తిప్పి పంపారు. వారం రోజులుగా ఆయన ఇచ్చిన పరీక్ష పేపర్లు దిద్దుతూ చెరువు వైపే పోలేదు. నా పట్టికలో ఆరు రోజులు ఖాళీ. చెరువు నీళ్లలో ఆక్సిజన్ కొలవడం తప్ప నాకు వచ్చిందేముంది? అదీ చెప్పేది మీటరు, నేను కాదు.

ముప్పై ఏళ్లుగా చేపలు పెంచుతున్న యేసుపాదం గారు గట్టు మీదే కూర్చుని ఉన్నారు.

"వారం నుంచీ రావట్లేదేంటమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"పనులండీ," అన్నాను. అసలు మాట తర్వాత చెప్పొచ్చని ముందు మీటరు ముంచాను.

"ఆక్సిజన్ నాలుగున్నర ఉందండీ. ఫరవాలేదు."

ఆయన వెంటనే షెడ్డు వైపు తిరిగి భార్యను కేకేశారు. "మరియమ్మా, బానే ఉందంట. కాఫీ పెట్టు!"

రోజూ మీటరు చూశాకే కాఫీ ఎందుకొస్తుందో ఇవాళ తెలిసింది. గ్లాసు అందిస్తూ మరియమ్మ గారే చెప్పారు. "తెల్లారగట్ల గాలాడక చేప పైకి తేలుద్దేమోనని ఈయనకి భయమమ్మా. నువ్వు రావడం మొదలెట్టాక, నీ మాట వింటేగానీ కాఫీ తాగరు. ఈ ఆరు రోజులూ ఎండెక్కేదాకా గ్లాసు ముట్టలేదు."

కాఫీ ఊదుకుంటూ తాగాను.

ఖాళీ గళ్లు అలాగే ఉన్నాయి. చాప్టరూ అలాగే ఉంది. మానేస్తానన్న మాట రేపు చెబుతానేమో. ఏదైనా ఆయన కాఫీ తాగాకే చెప్పాలి.

మీటరు ఛార్జింగ్‌లో పెట్టాను.