ఇమాం గారింట్లో దారం

అమ్మకు, నీ పెద్దోడి సలాం. అల్లా దయవల్ల ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ బాగున్నారని తలుస్తాను.

మేక ఈనిందా అని అడిగావు. ఈనింది, కవలలు. పాపకు జ్వరం పూర్తిగా పోయింది, డాక్టరు మందులు ఆపేయమన్నాడు. దాని నోటికి మాత్రం మందు లేదు, పొద్దస్తమానం మేకపిల్లలకు నమాజు నేర్పుతోంది. నీ కోడలు నీ మంచాన్ని ఎవరినీ కదపనివ్వడం లేదు.

నీ ఉత్తరంలో చివరి మాట దగ్గర ఆగిపోయాను. "పాపకు దర్గా దారం కట్టిందని కోడల్ని ఏమీ అనకు. పిల్లతల్లి, భయపడి కట్టుంటుంది" అని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

అమ్మా, కట్టింది నీ కోడలు కాదు. నేను.

సమాధుల్ని అడగొద్దని మసీదు మైకులో గొంతు చించుకునేది నేనే. నీ చేత దర్గాలో దీపం పెట్టడం మాన్పించిందీ నేనే. పాప కళ్ళు తేలేసిన రోజు, మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు దర్గాకు వెళ్లాను. పోయినవాళ్లకు సలాం చెప్పి రావడం తప్పు కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు గుప్పిట్లో దారం ఉంది. దాన్ని పాప జబ్బకు కట్టాను.

తర్వాత మసీదు మెట్ల మీద వడ్రంగి మన పాప చొక్కా చెయ్యి పైకి లాగాడు. "ఇదేంటి ఇమాం సాబ్? మాకైతే వద్దంటారు!" అన్నాడు. నలుగురూ చుట్టూ చేరారు. "మా అమ్మ కట్టింది. చెబితే వినదు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

పెద్దలు ఇంటికొచ్చి, "కొడుకు చెప్పేది నీకే ఎక్కకపోతే ఊరికేం ఎక్కుతుందమ్మా?" అని నిలదీశారు. నువ్వు ఒక్కసారి వంటగది వైపు చూసి, "తప్పయింది నాయనా" అన్నావు. నేను చాప వైపు చూస్తూ కూర్చున్నాను. మర్నాడే నువ్వు బట్టలు సర్దుకుని తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయావు. ఇన్నాళ్లూ నా మీద కోపమొచ్చి వెళ్లావనుకున్నాను. కోడలి మీదికి మాట రాకూడదని వెళ్లావని ఇప్పుడు తెలిసి, సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రేపు శుక్రవారం. నమాజుకు ముందు అందరికీ చెబుతాను. తీరా నిలబడ్డాక వెనకాడతానేమోనని ఈ ఉత్తరం ఇవాళే పోస్టు డబ్బాలో వేస్తున్నాను. ఇమాం పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. తిరిగి రమ్మని అడిగే మొహం నాకు లేదు. నువ్వు నోరు మూసుకున్నది నీ కోడలి కోసం. నీ చాటున దాక్కున్నది మాత్రం నీ కొడుకు.

ఇట్లు,
నువ్వు కన్న పెద్దోడు