సున్నా చూపిన బ్యాడ్జి

హైదరాబాద్,
4 మార్చి 2002

ప్రియమైన నాన్నకు,

ఫోన్ చేస్తే ముందు అమ్మే ఎత్తుతుంది, అందుకే ఈ ఉత్తరం. తన కంట పడకుండా చదవండి.

నెలాఖరులోగా నేను ఏదో ఒకటి తేల్చుకోవాలి. గుడివాడలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళు రమ్మంటున్నారు. రోగుల్ని చూడటం, గుండెకి ఎకో స్కాన్ తీయడం, సాయంత్రానికి ఇల్లు. విజయవాడలో కొత్త ఆసుపత్రి వాళ్ళు క్యాత్ ల్యాబ్‌కి రమ్మంటున్నారు. అంటే రోజంతా ఎక్స్‌రే పక్కనే నిలబడి గుండె నాళాల్లోకి తీగలు పంపడం. నా మనసు అటే లాగుతోంది. మూసుకుపోయిన నాళం కళ్ళముందు తెరుచుకుంటే కలిగే సంతోషం నాకు ఇంకెందులోనూ లేదు.

జీవన్ మాత్రం గుడివాడే అంటున్నారు. తను పాఠాలు చెప్పే గుడ్లవల్లేరు కాలేజీకి దగ్గరని పైకి చెప్పే కారణం. అసలు కారణం, మాకింకా పిల్లలు లేరు. "ఆ కిరణాల్లో నిలబడితే రేపు పుట్టేవాళ్ళకేమన్నా అయితే ఎవర్ని అడుగుతావు సుమా?" అన్నారు మొన్న. మా సీనియర్ ఒకాయనకి ఆ కిరణాల వల్ల నలభై ఐదేళ్ళకే కంట్లో శుక్లం వచ్చింది. ఒక పుస్తకం భయపెడుతుంది, ఇంకొకటి ఫరవాలేదంటుంది. అన్నం ముందు కూర్చున్నా ఇదే ఆలోచన.

మీరు ముప్ఫై రెండేళ్ళు బందరులో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేశారు. మీకేమీ కాలేదు. మేం ముగ్గురం పుట్టాం, కాళ్ళూ చేతులూ సరిగ్గానే ఉన్నాయి. నిజం చెప్పండి నాన్నా, నేను భయపడాలా?

మీ సుమ

బందరు,
11 మార్చి 2002

ప్రియమైన సుమకు దేవుని దీవెనలు.

వంటింట్లో వేలు కాల్చుకున్నాను, అందుకని క్లుప్తంగా రాస్తున్నాను. కంగారు పడకు.

నా చొక్కాకి బ్యాడ్జి ఉండేది, చిన్నప్పుడు చూసేదానివి. ఒంటికి ఎంత కిరణం తగిలిందీ అందులో పడుతుంది. మూడు నెలలకోసారి బొంబాయి పంపితే లెక్క వచ్చేది. ఇరవై ఏళ్ళు వరసగా సున్నాయే వచ్చింది. జీవన్ బాబుకి నా మాటగా ఇది చెప్పు.

దివిసీమ వాళ్ళు గుండెనొప్పి వస్తే హైదరాబాద్ దాకా చేరలేక దారిలోనే పోతున్నారు. నువ్వు విజయవాడలో ఉండు.

మీ నాన్న,
జీవానందం

విజయవాడ,
2 సెప్టెంబర్ 2002

ప్రియమైన నాన్నకు,

చేరి ఐదు నెలలైనా ఒక్క ఉత్తరం రాయలేదని కోప్పడుతున్నారా? రోజుకి ఆరేడు కేసులు. కిరణాలు తగలకుండా వేసుకునే సీసం ఏప్రాన్ బరువుకి నడుము పట్టేస్తోంది. అయినా పొద్దున్నే కాళ్ళు వాటంతటవే ల్యాబ్‌కి నడుస్తున్నాయి.

మీ సున్నా చెప్పాకే జీవన్ ఒప్పుకున్నారు. ఇప్పుడు రోజూ రైల్లో గుడ్లవల్లేరు వెళ్ళొస్తున్నారు. పోయిన వారం నాగాయలంక నుంచి యలమంద అని చేపల వేటకెళ్ళే ఆయన్ని గుండెనొప్పితో తెచ్చారు. నాళం తెరిచాం. నాలుగో రోజుకి తనే నడిచి బస్సెక్కాడు. నా బ్యాడ్జి లెక్క కూడా వచ్చింది. మీ కూతుర్నే కదా, సున్నా.

వేలు తగ్గిందా? అడిగితే అమ్మ మాట దాటేస్తోంది. ఒకసారి మీ చేత్తో రాయండి.

మీ సుమ

బందరు,
16 సెప్టెంబర్ 2002

ప్రియమైన సుమకు,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువు. మీ అమ్మ రాయొద్దంది.

వేలు కాలలేదమ్మా. ఏళ్ళ తరబడి పగిలి, మానక, పుండైంది. ఎక్స్‌రే కిరణాల వల్లే అన్నారు, క్యాన్సర్ అన్నారు. ఏప్రిల్‌లో కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. నువ్వు కొత్తగా చేరావు, చెబితే మానేస్తావని దాచాం.

డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు దివిసీమ నుంచి విరిగిన ఎముకలతో జనం వచ్చారు. పిల్లలు కదలకుండా ఉండరు. సీసం గ్లౌజులతో పట్టు దొరకదు. వట్టి చేతుల్తోనే పట్టుకుని ఫిల్ములు తీశాను. ఆ తర్వాత బ్యాడ్జి లెక్క ఎక్కువొచ్చింది, నన్ను కొన్నాళ్ళు ఆ గదికి దూరంగా పెట్టమని కాగితం వచ్చింది. పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను లేకపోతే పనాగిపోతుందని గర్వం కూడా ఉండేది. అప్పట్నుంచి ఎక్స్‌రే తీసేటప్పుడు బ్యాడ్జి తీసి ఆఫీసు గదిలో పెట్టేవాణ్ణి. సున్నాలన్నీ అక్కడివే.

తప్పు చేశాను. నువ్వు నిజం చెప్పమంటే, నీ జీవితానికి అబద్ధపు లెక్క ఇచ్చాను. నీ ఉత్తరంలో సున్నా అని చదివిన దగ్గర్నుంచి స్థిమితం లేదు. ఐదు నెలలు క్యాత్ ల్యాబ్‌లో నిలబడ్డవాళ్ళకి సున్నా ఎలా వస్తుంది సుమా?

నాన్న

విజయవాడ,
20 సెప్టెంబర్ 2002

ప్రియమైన నాన్నకు,

మీ ఉత్తరం డ్యూటీ గదిలో చదివి, తలుపేసుకుని ఏడ్చాను. మీ మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ నా మీద వచ్చింది.

నా బ్యాడ్జి ఇన్నాళ్ళూ లాకర్‌లోనే ఉంది. చేరిన రెండో రోజే తోటి డాక్టరుకి లెక్క ఎక్కువొచ్చి రెండు నెలలు పక్కన పెట్టారు. నన్నూ పెడితే చెయ్యి మొద్దుబారుతుందని భయపడ్డాను. నాకెంత తగిలిందో ఇప్పుడు ఏ యంత్రమూ చెప్పలేదు.

నిన్న మా ల్యాబ్ పెద్ద డాక్టరు చంద్రశేఖర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు నెలలు ల్యాబ్‌లోకి రావద్దన్నారు. ఆ తర్వాత సగం కేసులే ఇస్తామన్నారు. సరేనన్నాను. ఈ పని మానను నాన్నా, కానీ ఇకమీదట నా లెక్క నాకు తెలియాలి.

జీవన్‌కీ చెప్పాను. లేచి బయటికెళ్ళారు. చాలాసేపటికి తిరిగొచ్చి, "మీ ఇద్దరి మీదా కోపంగానే ఉంది. ముందు మావయ్యగారిని చూసొద్దాం పద" అన్నారు.

వచ్చే శనివారం పొద్దున పాసింజర్‌కి ఇద్దరం వస్తున్నాం. చేతి మీద తువ్వాలు కప్పుకుని కూర్చోకండి. మీ చెయ్యి నేను చూడాలి.

మీ సుమ